పుట్టుమచ్చా, పెట్టుమచ్చా?

కోరుట్ల బస్టాండులో నన్ను ఎరగనివాళ్లు లేరు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదిది. గొప్ప కోసమే అయితే ఒక్క కోరుట్లతో ఆగేవాణ్ని కాదు. ఇరవై రెండేళ్లుగా బస్సు కండక్టరుని. ఈ ఇరవై రెండేళ్లలో నా తోలుసంచిలో పడి లేచిన బిళ్లలను పేర్చుకుంటూ పోతే కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా రోడ్డు వేసి, మిగిలినవాటితో రుద్రంగి దగ్గర రెండు స్పీడుబ్రేకర్లు కూడా కట్టవచ్చు. అంత చిల్లర చేతుల్లో ఆడాక మనిషికి ఏదో ఒక జబ్బు పట్టక మానదు. నాకు తప్పుబిళ్లల జబ్బు పట్టింది.

తప్పుబిళ్ల అంటే టంకశాలలో అచ్చు పడేటప్పుడే తప్పు పడిన నాణెం. బొమ్మ పక్కకు జరిగి పడటం, ఒకే బొమ్మ రెండుసార్లు పడటం, అంచున చంద్రవంకంత ముక్క లేకపోవడం, ఇలాంటివి. సంచిలో ఒకటి కనబడితే నా జేబులోని మంచి బిళ్ల అందులో వేసి, దాన్ని జేబులో వేసుకునేవాణ్ని. ఇరవై రెండేళ్లకు అసలైనవి ఏడు దొరికాయి. బీరువాలో మా ఆవిడ పట్టుచీరల మధ్య వాటికి పడకలు వేశాను. "నా చీరెలకన్న నీ బిళ్లలకే మెత్తటి జాగ దొరికింది" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నా కీర్తి ఊళ్లు దాటాక, తప్పుబిళ్లలకు లక్షలు పలుకుతాయట అనుకుంటూ జనం బిళ్లలు పట్టుకుని రావడం మొదలైంది. రైలుపట్టా మీద పెట్టి చపాతీ చేసిన రూపాయి. బ్యాటరీ నీళ్లలో నానబెట్టి నున్నగా చేసిన రెండు రూపాయలు. ముత్యంపేట నుంచి ఒకాయన రెండు బిళ్లలను ఎదురెదురుగా పెట్టి బెంచి పట్టులో బిగించి, ఒకదాని బొమ్మ ఇంకొకదాని మీద అద్దంలోలాగా తిరగబడేట్టు దించి తెచ్చాడు. ఈ బిళ్ల పుట్టుకతోనే ఇట్లా ఉందని కళ్లలో నీళ్లు తిప్పుకున్నాడు. నేను భూతద్దం పెట్టి చూస్తే కొత్త బొమ్మ కింద పాత బొమ్మ చితికి, మూలుగుతూ పడుకుని ఉంది. టంకశాలలో నిజంగా అలాంటి తప్పు పడితే అడుగున వేరే బొమ్మ ఉండదు. ఖాళీ బిళ్ల మీదే కదా పడేది!

అప్పటి నుంచి నేను ఒకే ఒక్క ప్రశ్నతో వైద్యం చేస్తున్నాను. ఇది పుట్టుమచ్చా, పెట్టుమచ్చా?

పాఠకులు ఓర్చుకుంటే ఆ విద్య కూడా చెబుతాను. మా ఆవిడ గరిజెలు చేసేటప్పుడు పిండిని దుప్పటంత వెడల్పున వత్తి, స్టీలు డబ్బా మూతతో గుండ్రంగా బిళ్లలు కోస్తుంది. మూత కాస్త జరిగి, అంతకుముందు కోసిన ఖాళీ మీద పడిందంటే ఆ బిళ్లకు ఒక పక్క వంక పోతుంది. టంకశాలలోనూ అంతే. లోహపు రేకులోంచి ముందు బిళ్లలు కోసి, తర్వాత అచ్చు కొడతారు. ముక్క పోయిన బిళ్ల మీద అచ్చు పడితే లోహం ఆ ఖాళీ వైపు జారుతుంది, అక్కడి అక్షరాలు సాగి పలచబడతాయి. ఇంకో సంగతి ఉంది. పోయిన ముక్కకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా నీరసించి, గట్టు సరిగా లేవదు. తర్వాత ఎవరో కోసిన బిళ్లకు ఈ బెంగ ఉండదు. ఒక పక్క తెగినా రెండో పక్క గట్టు పెళ్లికొడుకులా నిటారుగా నిలబడి ఉంటుంది.

ఇంత విద్య ఉన్నవాణ్ని, ఒక్క బిళ్ల ముందు రెండు నెలలకు పైగా నోరు మూసుకున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట నమ్మరు. అందుకే రాసి పెడుతున్నాను.

మా బామ్మర్దిది రుద్రంగి. పద్నాలుగేళ్లుగా దుబాయిలో స్లాబులకు చెక్కలు కొట్టే పని. రెండేళ్లకోసారి మూడు నెలల సెలవు మీద వస్తాడు. ఆ వైపు ఊళ్లలో గల్ఫు నుంచి దిగినవాణ్ని అందరూ రెండే మాటలు అడుగుతారు. "ఎప్పుడచ్చినవ్?" అని ఒకటి. జవాబు చెవిన పడకముందే "మళ్లెప్పుడు?" అని రెండోది. మంగలి షాపులో గడ్డానికి నురగ రాస్తూ అడుగుతారు, కల్లు మండువలో ముంత వంచుతూ అడుగుతారు. ఒకసారి పశువుల డాక్టరు ఇంటి ముందు మా బామ్మర్దిని చూసి ఒక బర్రె తల ఎత్తింది. అది కూడా అదే అడిగిందని నాకు గట్టి నమ్మకం.

ఈసారి వాడు వచ్చి రెండున్నర నెలలు దాటాక, ఒక ఆదివారం ఫోను చేశాడు.

"బావా, అర్జెంటుగా రా. కోడిని కోస్తున్న."

కోడి మాట వినగానే నా అర్జెంటు కూడా అదే అయింది. పోయేసరికి కోడి ఇంకా వాకిట్లో తిరుగుతోంది. వాడు నన్ను లోపలికి లాగాడు.

"తలుపు దగ్గరికెయ్యి."

"ఎందుకురా?"

"ఎయ్యి ముందుగాల."

వేశాను. మంచం కింద నుంచి దుబాయి చాక్లెట్ల డబ్బా తీశాడు. అందులో ఒక మేజోడు. మేజోడులో ఒక తలనొప్పి బామ్ డబ్బా. డబ్బాలో దూది. ఆ దూదిలో, పురిటిబిడ్డలాగా, ఒక ఇరవై పైసల బిళ్ల. అల్యూమినియంది, పాతది, ఆరు మూలలది.

"మూలలు లెక్కవెట్టు బావా."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు."

"ఆరోది?"

"లేదు."

"లేదు గదా!" వాడు మంచం మీద ఒక గంతు వేశాడు. "టంకశాలోళ్లు ఒక మూల మర్చిపోయిండ్లు. గిసొంటిది దేశం మొత్తంల గిదొక్కటే ఉంటది."

"ఎక్కడ దొరికిందిరా?"

"ఇంట్లనే! నా పెండ్లాం చాటల, బీడీ ఆకుల నడుమ పడి ఉన్నది. ఇంట్ల గింత పెద్ద ముల్లె పెట్టుకొని నేను దుబాయిల చెక్కలు కొడుతున్న సూడు, నాకు బుద్ధి ఉన్నదా?" అని నా చెవి దగ్గరికి వచ్చాడు. "పది రోజులల్ల ఫ్లైటు ఉండె. జరిపిన. బిళ్ల సంగతి తేలినంకనే ఏదన్న. అసలుది అని నువ్వు జెప్తె ఇగ పోవుడే లేదు."

నేను అద్దం తీసి కంటికి పెట్టుకున్నాను. గడియారాలు బాగుచేసే ఒకాయన ఇచ్చిన అద్దం అది, దోమను ఏనుగు చేసి చూపిస్తుంది. నాకు అంతసేపు అక్కర్లేకపోయింది. ఆరో మూల ఉండాల్సిన చోట లోహం వాలుగా, నున్నగా, అద్దంలా మెరుస్తోంది. దాని రెండు పక్కలా అంచు గట్టు చివరిదాకా పూర్తి ఎత్తున ఉంది. ఎదుటి మూల చెక్కుచెదరలేదు. ఒక్క అక్షరం కూడా సాగలేదు. ఇంతకన్నా స్పష్టమైన పెట్టుమచ్చను నా జన్మలో చూడలేదు. ఎవరో ఈ మూలను ఏళ్ల తరబడి దేనికో రాస్తూ వచ్చారు.

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తలుపు నెట్టుకుని వాడి భార్య చాయ్ పట్టుకొచ్చింది. వరసకు నాకు చెల్లె. చాయ్ గ్లాసు నా చేతిలో పెడుతూ ఒక చూపు చూసింది. పరీక్షలో పక్కవాడి వైపు చూసే పిల్లల చూపు అది.

"అన్నా, పెరట్ల సొరకాయలు కాసినయ్. అక్కకు రెండు కొంచవోదువు రా."

"ఇప్పుడేం సొరకాయలే!" అన్నాడు వాడు.

"నీకెరుక లేదు, ఎండ ముదిరితె తొడిమ గట్టిపడ్తది."

సొరకాయ తొడిమకూ ఎండకూ ఉన్న సంబంధం ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. పెరట్లోకి వెళ్లాను. అక్కడ సొరతీగ ఉంది, ఇంకా పూత మీదే ఉంది.

"ఏం జెప్పవోయినవ్ అన్నా?"

"ఉన్నది జెప్పవోయిన. అది టంకశాల తప్పు గాదు చెల్లె. అరిగింది."

"నాకెరుక లేదా? నేనే అరగదీసిన."

బీడీలు చుట్టేవాళ్లను దగ్గరగా చూడనివారి కోసం చెబుతున్నాను. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాక బీడీ మూతి తెరుచుకునే ఉంటుంది. ఆ ఆకు అంచును లోపలికి మడిచి నొక్కాలి. కొందరు గోటితో నొక్కుతారు, కొందరు సన్నటి ఇనుప మొలతో. మా చెల్లె ఇరవై పైసల బిళ్ల మూలతో నొక్కుతుంది. ఆ బిళ్ల మొదట వాళ్ల అమ్మది. కూతురు అత్తగారింటికి వచ్చేటప్పుడు చాటలో తనే వేసి పంపిందట. అల్యూమినియం మెత్తన. ఆకు దుమ్ము, వేలి ఒత్తిడి, రోజుకు ఎనిమిది వందల మూతులు. నా లెక్క ప్రకారం ఆ మూల మడిచిన బీడీలను ఒకదాని వెంట ఒకటి ముట్టిస్తే వాటి పొగకు ఈ జిల్లాలో మూడేళ్లు సూర్యోదయం కాదు.

"మరి వానికి చెప్పలేదేంది?"

"చెప్దామనే నోరు తెరిసిన. దొరికింది దొరికింది అని ఇల్లంత ఉరుకుతుండె. గదేంది, నా మూతులు మడిసే బిళ్ల గదా అందామనుకున్న. గంతల 'ఫ్లైటు జరుపుత' అన్నడు." ఆమె ఒక ఎండుటాకును వేళ్లతో చుట్టబోయి విడిచిపెట్టింది. "నోరు మూసుకున్న."

"ఎన్ని రోజులు మూసుకుంటవ్?"

"మూడు నెల్లు అన్నా. ఆరు నెల్లు దాటి ఇక్కడుంటె ఆ వీసా సచ్చిపోతదట గదా. అటెనుక బిళ్ల సంగతి నువ్వేమన్న జెప్పు, నాకు ఫికరు లేదు."

"అది మోసం గాదా?"

"మోసమే." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పద్నాలుగేండ్లల మేమిద్దరం ఒక్క కాడ ఉన్నది రెండేండ్లు గూడ గాదు. లెక్క నువ్వే జేసుకో, కండక్టర్‌వి గదా."

నేను లెక్క చేశాను. ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది.

లోపలికి వెళ్లి, గొంతు సవరించుకుని, బామ్మర్ది ముందు డాక్టరులా నిలబడ్డాను. "సూడంగనే చెప్పే కేసు గాదురా ఇది. టెస్టులు చెయ్యాలె" అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. టెస్టులు అనగానే జబ్బు పెద్దదని మనవాళ్లకు గౌరవం.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. తమ్ముడి సంగతి కదా, తిడుతుందని అనుకున్నాను. ఆవిడ బీరువా తెరిచి నా బిళ్లల వంక ఒకసారి చూసింది. తర్వాత, "పెండ్లైన కాడికెంచి నాకు అక్కరకురాని అబద్ధాలు మస్తు జెప్పినవ్. ఒక్కటన్న అక్కరకొచ్చేది జెప్పు" అంది.

మొదటి టెస్టు జగిత్యాలలో. అక్కడ నాకు తెలిసిన అవుసులాయన ఒకరున్నారు, బంగారం తూచే ముసలాయన. ముందే ఫోను చేసి చెబుదామనుకున్నాను. బామ్మర్ది పక్కనే అంటిపెట్టుకుని ఉండటంతో కుదరలేదు. ఆయన బిళ్లను తక్కెడలో వేసి ముఖం చిట్లించారు.

"అల్మీనం. నా తక్కెడకు గింత ఇజ్జత్ తీసుడు ఎప్పుడు గాలే. గిందుల ఏమున్నది కండక్టర్ సాబ్, మూల అరిగి..."

బల్ల కింద నేను ఆయన కాలు తొక్కాను. నా బరువు ఎనభై కిలోలు, చెప్పులు టైరువి. ఆయన కళ్లు రెండూ ఒక్కసారి పెద్దవయ్యాయి. నా వైపు చూశారు, బామ్మర్ది వైపు చూశారు. నలభై ఏళ్లుగా ఆడవాళ్ల ముందు మగవాళ్లను, మగవాళ్ల ముందు ఆడవాళ్లను కాపాడుకుంటూ వచ్చిన బంగారం దుకాణం అది.

"అరి... అరు... అరుదైన బిళ్ల" అన్నారు.

ఆ ఒక్క మాటతో మా బామ్మర్ది జగిత్యాల నుంచి రుద్రంగి దాకా బస్సులో కూర్చోలేదు, నిలబడే వచ్చాడు. వారం తిరిగేసరికి బిళ్ల ముచ్చట కోనరావుపేట చుట్టాల దాకా పాకింది. మంగలి షాపులో "మళ్లెప్పుడు?" అనడం మానేశారు. "బిళ్ల ఎంత దాంక అచ్చింది?" అని అడుగుతున్నారు. వాడు కాలు మీద కాలు వేసుకుని "టెస్టింగుల ఉన్నది" అంటున్నాడు.

నేను టెస్టులు సాగదీశాను. చలికి లోహం ముడుచుకుంటుంది, ఎండలు రావాలన్నాను. ఎండలు వచ్చాక లోహం సాగింది, చల్లబడాలన్నాను. అద్దం మసకబారిందన్నాను. ఒకసారి బిళ్లకు విశ్రాంతి కావాలని కూడా అన్నాను. వాడు తల ఊపాడు.

ఈ సాగదీతలో నాకు కొత్తగా ఒక సంగతి కనబడసాగింది. వాడు ఖాళీగా ఉండలేకపోతున్నాడు. పక్కింటివాళ్లు స్లాబు వేస్తుంటే చూడటానికని వెళ్లి, చెక్కలు వంకరగా కొడుతున్నారని తిట్టి, చివరికి సుత్తి తనే తీసుకున్నాడు. ఆ స్లాబు చూసి ఇంకో రెండు ఇళ్లవాళ్లు పిలిచారు. సాయంత్రం ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, చాటలో తంబాకు అయిపోతే తనే లేచి తెచ్చి పోసేవాడు. ఒకరోజు వాళ్లిద్దరూ దేనికో నవ్వుతుంటే నేను వాకిట్లోంచే వెనక్కి తిరిగాను. నా అబద్ధం పనిచేస్తోందని గర్వంగానూ ఉంది, అది అబద్ధమని సిగ్గుగానూ ఉంది.

సిరిసిల్ల టెస్టు నా ఆలోచన కాదు, వాడిదే.

"సిరిసిల్లల నీ దోస్తు ఉన్నడు గద, సాంచెలు రిపేరు జేసెటాయిన. ఆయినకాడ గూడ అద్దం ఉంటది. సూపెడ్దాం పా."

సాంచెలంటే మరమగ్గాలు. నా దోస్తు వాటికి వైద్యుడు. బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దం ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. నేను తప్పించుకోలేకపోయాను. దారిపొడవునా ఆయన కాలు ఎలా తొక్కాలా అనే ఆలోచన.

సాంచెల షెడ్డులో కాలు తొక్కడం కుదరలేదు. ఇరవై సాంచెలు ఒకేసారి కొట్టుకుంటుంటే అక్కడ మాట్లాడాలంటే ఊరవతలికి వినబడేట్టు అరవాలి. పైగా ఆయన బిళ్లను తీసుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయనకూ నాకూ మధ్య ఒక సాంచె.

"గిది మిషను పని గాదూ!" అని అరిచాడు.

"ఏందీ?" అని బామ్మర్ది అరిచాడు.

నేను సాంచె మీదుగా చేతులూపాను. కన్ను కొట్టాను. రెండు కళ్లూ కొట్టాను. ఆయన దుమ్ము పడిందనుకుని నాకు తువ్వాల విసిరాడు.

"ఇనుము ఇనుమును తింటె గీతలు పడ్తయీ! గిది నున్నగున్నదీ! చెయ్యి తిన్నదీ!"

"ఎవలి చెయ్యీ?"

"నాకేమెరుకా! రోజింత రోజింత తిన్నదీ! మా ఇంట్ల మా ఆమె బీడీల మొల గూడ గిట్లనే నున్నగైందీ!"

బామ్మర్ది సాంచెను చుట్టి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బిళ్లను తీసుకుని బామ్ డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

సిరిసిల్ల నుంచి వేములవాడ దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా జీవితంలో అంత దూరం నోరు మూసుకున్నది అదొక్కసారే. వేములవాడ దాటాక వాడే అడిగాడు.

"నీకెప్పుడెరుక బావా?"

"మొదటి రోజే."

"మరి జగిత్యాల్ల?"

"ఆయిన కాలు తొక్కిన."

"గందుకేనా, పాపం ముసలాయిన గంత పెద్ద కండ్లు జేసిండు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "పద్నాలుగేండ్లు బావా. గది దేనితోని మూతులు మడుస్తదో గూడ నాకెరుక లేదు" అన్నాడు.

మేం వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. చెల్లె అరుగు మీద చాట ముందు కూర్చుని ఉంది. వాడు చెప్పులు విడిచి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. నేను గుంజకు ఆనుకుని, ఉండాలో పోవాలో తెలియక ఆగిపోయాను.

ఆమె ఒక బీడీ చుట్టింది, దారం కట్టింది. మూతి మడవడానికి చాటలోంచి ఒక రూపాయి బిళ్ల తీసింది. రూపాయికి మూల ఎక్కడిది? గుండ్రటి అంచుతో నొక్కితే ఆకు చిరిగింది. ఆ బీడీని పక్కన పడేసింది. పక్కన అలా పడేసినవి దోసెడు ఉన్నాయి. రెండు నెలలుగా ఇలాగే చిరిగిపోతూ ఉంటాయని అప్పుడు నాకు తోచింది. మా టెస్టుల కోసం ఆమె తన పనిముట్టునే ఇచ్చి కూర్చుందన్న ఆలోచన, ఇంత విద్య ఉన్న నాకు, ఒక్కనాడు రాలేదు.

వాడు డబ్బా మూత తీసి, బిళ్లను దూదిలోంచి తీసి చాటలో ఆమె ముందు పెట్టాడు. ఆమె చేతులు ఆగాయి.

"నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తె పోతవు."

పక్కింట్లో ఎవరో కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతున్నారు.

"వీసాకు ఇంక ఎన్ని రోజులున్నది?" అన్నాడు వాడు, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు మడుస్తూ.

"పంతొమ్మిది" అంది ఆమె.

వాడి వేళ్లు అక్కడే ఆగిపోయాయి. "గీ పంతొమ్మిది రోజులు ఏం జేద్దామనుకున్నవ్?"

"ఏమున్నది. బీడీలు జేద్దామనుకున్న."

ఈసారి వాడికి నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు. వాడి ముఖమే చూస్తూ ఉంది, జవాబు కోసం. వాడు చిరిగిన బీడీలను దోసిట్లోకి ఎత్తి, ఒక్కొక్కదాన్నే విప్పి తంబాకును మళ్లీ చాటలో పోయసాగాడు. నేను పోయి బస్సు ఎక్కుదామని కదిలితే వాడు లేచి వెంట వచ్చాడు.

మా నడక బస్సు ఆగే చోటు దాకా ఐదు నిమిషాలు. నాలుగు నిమిషాలు వాడు దారిలోని రాళ్లను కాలితో తన్నుకుంటూ నడిచాడు.

"బావా, నేను పోను."

"మంచిదిరా."

"గది మంచిదే. గని ఊర్ల ఏమని జెప్పాలె?"

"పోతలేనని జెప్పు."

"గట్లెట్ల జెప్తం? ఎందుకు అంటరు. పెండ్లాం ఉండుమన్నదట, ఉన్నడట అని మంగలి షాపు కాడికెంచి మండువ దాంక ఒక్కటే నవ్వుడు. గదీగాక, అక్కడ ఏమన్న లొల్లి జేసి అచ్చినవా అంటరు. గిప్పటి దాంక నన్ను ఎవ్వడు అడుగుతలేడు, ఎందుకు? బిళ్ల ఉన్నదని." నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు తేల్చకు బావా. టెస్టింగుల ఉన్నదనే జెప్పు."

రెండున్నర నెలల కింద ఆ ఇంటి పెరట్లో పూత దశలో ఉన్న సొరతీగ పక్కన నన్ను ఒకరు ఇదే అడిగారు. మొగుడూ పెళ్లామూ ఒకరి తర్వాత ఒకరు నా చేత ఒకే అబద్ధం ఆడించుకోవడం నా సర్వీసులో మొదటిసారి.

"ఎన్ని రోజులు చెప్పాల్రా?"

వాడు నిజంగానే ఆలోచించాడు. "సూడు మరి. ఓ పది పన్నెండేండ్లు."

మర్నాడు వాడు చాటలోంచి ఆ బిళ్లను మళ్లీ తీసి, డబ్బాతో సహా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పంతొమ్మిది రోజులు గడిచాయి. వీసా పోయింది. బామ్మర్దికి స్లాబుల పని ఊపందుకుంది. ఎవరైనా అడిగితే, "బిళ్ల తేలెదాంక ఖాళీగ ఎందుకుండాలె అని జేస్తున్న" అంటాడు. నన్ను బస్సులో అడిగినవాళ్లకు నేను డబ్బా మూత కొంచెం తెరిచి, దూది చూపించి, "కీలకమైన దశల ఉన్నది" అని మూసేస్తాను. నా కీర్తి ఇప్పుడు సిరిసిల్ల దాటిపోయింది.

మొన్న రుద్రంగిలో చెల్లె బస్సు ఎక్కింది. కోరుట్లకు పోతోంది. ముందు సీట్లో కూర్చుని, నేను దగ్గరికి వచ్చేదాకా ఆగి, చెయ్యి చాపింది.

"టికెటుకు పైసలియ్యద్దు చెల్లె, ఆడోళ్లకు ఉత్తదే."

"టికెటుకు గాదు. నా బిళ్ల నాకియ్యి."

"గదెట్లిస్తనే? గది టెస్టింగుల ఉన్నది."

"నీ టెస్టింగుల మన్ను వడ. రూపాయితోని మూతి పడ్తలేదు, మొల పెడితె ఆకుకు బొర్ర పడ్తుంది. కార్ఖానల పొద్దుగాల సగం పక్కకు తీసేసిండ్లు. మీ ఇద్దరి ఇజ్జత్ కోసం నా బీడీలన్ని చెత్తల పోవాల్నా?"

డబ్బా తీసి, చుట్టూ చూసి, దూదిలోంచి బిళ్ల తీసి ఇచ్చాను. ఆమె దానికి అంటిన దూదిపోగును ఊది, అరిగిన మూలను బొటనవేలి మీద నొక్కి చూసుకుంది. తృప్తిగా కొంగున ముడి వేసుకుంది.

"మరి డబ్బాల ఏం పెడ్తవ్?"

నా దగ్గర ఇంకో ఇరవై పైసల బిళ్ల ఉంది. టంకశాల మీద ఒక్క ఫిర్యాదు కూడా లేని బిళ్ల. దాన్ని దూదిలో పడుకోబెట్టాను.

"దీనికి ఆరు మూలలున్నయ్ గదా అన్నా. ఎవలన్న లెక్కవెడితె?"

"నీ మొగడు దప్ప ఎవ్వడు లెక్కవెట్టలేదు చెల్లె. అందరు నా మొఖమే సూత్తరు."

ఆమె నా ముఖం వంక ఒకసారి పరీక్షగా చూసి, అందులో అంత చూడదగ్గది ఏముందో తెలియనట్టు, తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. నేను ఆమెకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాను.